ముందు నువ్వు కూర్చో చూద్దాం

వానాకాలం వస్తే మా ఇంట్లో ముందుగా తడిసేది ఆరేసిన బట్టలు కాదు, హాలు పైకప్పు. మొదట మధ్యలో ఓ చోట చెమట పట్టినట్టు నల్లబడుతుంది. తర్వాత ఆ నలుపు చుట్టూ పచ్చటి అంచు తేలుతుంది. ఆ పైన మొదలవుతుంది వాసన, నానబెట్టి మరిచిపోయిన నేలగుడ్డ వాసన. కంచం ముందు కూర్చుంటే కంచంలో అదే, మంచినీళ్ళు ఎత్తితే గ్లాసులో అదే. దానికి మా ఆయన ఏటా చేసే వైద్యం ఒకటే. వాన తెరిపివ్వగానే ఓ డబ్బా పుట్టీ తెచ్చి, నన్ను స్టూలెక్కించి, కింద నిలబడి, "ఇంకాస్త పట్టించు, అక్కడ ఇంకాస్త" అంటారు. పైన తెల్లరంగు కొడితే ఆ ఏటికి పని అయిపోయినట్టే. ఆ నీళ్ళు ఎక్కణ్ణించి దిగుతున్నాయో ఏనాడూ డాబా ఎక్కి చూసింది లేదు.

'పైన పటారం, లోన లొటారం' అని మా అమ్మ మనుషుల గురించి అనేది. నేను మా హాలు గురించి అనుకునేదాన్ని. ఆ వానాకాలం దాకా అలాగే అనుకున్నాను.

ఆయన ఓ పెద్ద గోడౌనులో సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యారు. బస్తాలు మోసేవాళ్ళు మోస్తుంటే చేతులు కట్టుకుని నిలబడి "ఎత్తు, ఎత్తు" అనడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక ఆ ఉద్యోగాన్ని ఇంటికి మార్చుకున్నారు. ఇంట్లో కూలీని నేనొక్కదాన్నే. పాలు విరిగాయేమోనని అనుమానం వస్తే "ముందు నువ్వో గుక్క తాగి చూడు" అంటారు. నిచ్చెన మెట్టు కదిలితే "ముందు నువ్వెక్కు, నేను పట్టుకుంటా" అంటారు. కొత్త గీజరు పెట్టిన రోజు "ముందు నువ్వు తిప్పి చూడు" అంటే తిప్పాను. అది నన్ను ఎదురుగోడకి విసిరికొట్టింది. "చూశావా, ఎర్తింగ్ సరిగ్గా లేదు. నేను అనుకుంటూనే ఉన్నా" అన్నారు. ఆయన అన్నీ ముందే అనుకుంటారు, నాకు షాకు కొట్టాక చెబుతారు. నేనేమో దాన్ని చాదస్తం కింద కట్టేసి, ఇరుగమ్మకీ పొరుగమ్మకీ చెప్పి నవ్వించేదాన్ని.

నేను ఇంట్లోనే బట్టలు సరిచేసి ఇస్తాను. జాకెట్లు వదులు చేయడం, ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం. నా మిషను హాల్లో, వెలుతురు బాగా పడే చోట ఉంటుంది. దానికి ఎదురుగా టీవీ, పక్కన ఆయన పడక్కుర్చీ. మా అబ్బాయి సీసాలు నింపే ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసి, పగలంతా లోపలిగదిలో గురక పెడుతుంటాడు. ఇక కోడలు. ఆమె నేర్పేది గాల్లో యోగా. పైకప్పు నుంచి వేలాడే పొడుగాటి గుడ్డలో కూర్చుని, పడుకుని, తలకిందులై చేసే ఆసనాలు. ఓ పాత వర్క్‌షాపు పైనున్న రేకుల హాలును తీసుకుని అక్కడ నేర్పేది.

ఆ ఏడు మొదటి గాలివానకే ఆ రేకులు లేచిపోయాయి. వానలు వెనకబడేదాకా బాగు చేయించేది లేదని హాలు యజమాని చెప్పేశాడు. కోడలు తడిసిన చాపలన్నీ ఆటోలో వేసుకొచ్చి, వాటి మధ్యే కూలబడింది.

"వానలయ్యేదాకా వాళ్ళను ఊరికే ఉంచితే ఇంకో టీచరు దగ్గరికి వెళ్ళిపోతారత్తయ్యా," అంది. "ఒకసారి అక్కడ అలవాటు పడ్డారంటే నా దగ్గరికెందుకు వస్తారు. ఇంట్లో ఒక్క గుడ్డ కట్టుకునే చోటుంటే, ఒక్కొక్కర్నే పిలిచి నేర్పుకుంటాను. ఎలాగో నెట్టుకొస్తాను."

ఆ మనుషుల్ని ఒక్కొక్కర్నీ ఆమె ఎంత కష్టపడి కూడగట్టుకుందో నాకు తెలుసు. మెడ పట్టేసిన పళ్ళ డాక్టరమ్మ, రోజంతా నిలబడి కాళ్ళు వాచే బస్సు కండక్టరు, ఆపరేషన్ తర్వాత నడుం నిలవని ఓ టీచరమ్మ. మొదట్లో వేలాడే గుడ్డ చూసి భయపడి పారిపోయినవాళ్ళే, ఇప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని తలకిందులుగా వేలాడి నవ్వుతున్నారు. ఆ నమ్మకం పోతే మళ్ళీ మొదటికే.

"దానికింత దిగులెందుకమ్మాయ్, నేను బిగిస్తాగా," అన్నారు మా ఆయన కుర్చీలోంచి.

"ఇది ఫ్యాను కొక్కెం లాంటిది కాదు మామయ్యా. ఫ్యాను ఉన్నచోటే వేలాడుతుంది. మనిషి ఊగుతుంది, ఒక్కసారిగా బరువేస్తుంది. మనిషి బరువుకి ఎన్నో రెట్లు ఆగేలా ఉండాలి. బోల్టు లోపలి కాంక్రీటును పట్టాలి, బీములోకి దిగితే ఇంకా మంచిది. పైన పూసిన పూత లెక్కలోకి రాదు. నా హాల్లో బిగించినతనే వస్తానన్నాడు, వాన కాస్త తగ్గనివ్వమన్నాడు."

"గోడౌనులో టన్నులకి టన్నులు ఎత్తించిన చేతులివి," అన్నారాయన, రెండు చేతులూ చాపి చూపిస్తూ. మెత్తగా, తెల్లగా, ఒక్క కాయ కూడా కాయని చేతులు.

మాట అక్కడితో ఆగిందనుకున్నాం. ఓ పొద్దున కోడలు తన వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, కొన్నాళ్ళు ఓపిక పట్టండని చెప్పుకోవడానికి బయల్దేరింది. నేను కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి హాలు మధ్య పైకప్పుకి ఓ ఇనప కొక్కెం, దానికి కోడలి సంచీలోంచి తీసి కట్టిన ఊదారంగు గుడ్డ. మా ఆయన సోఫాలో కూర్చుని టీ జుర్రుకుంటున్నారు. ఆ టీ కూడా పక్కింటావిడ చేత పెట్టించుకున్నది.

"ఎలా ఉంది?" అన్నారు.

నేను పైకి కాదు, కిందకి చూశాను. తుడవాల్సింది నేనే కదా. డ్రిల్లు వేస్తే నేలమీద ఎర్రపొడో, బూడిదరంగు పొడో పడాలి. మా నేలమీద పడింది పొడి కాదు, ముద్ద. తెల్లగా, తడిగా, పసిపిల్లాడు కక్కిన పాలలా. గుడ్డతో ఎత్తబోతే సాగింది. ముక్కు దగ్గరికి తెచ్చుకోకుండానే వాసన తగిలింది. అదే నేలగుడ్డ వాసన.

అది బకెట్లో వేస్తూ చూసుకుంటే హాలు ఏదోలా అనిపించింది. టీవీ దాని చోట లేదు. దూరంగా, వంటగది గోడ వారగా జరిపి, మొన్న నేను ఇస్త్రీ చేసి పెట్టుకున్న దుప్పటి కప్పి ఉంది.

"టీవీ జరిపారేం?" అన్నాను.

"వెనకాల గాలి తగలాలి. లేకపోతే వేడెక్కుతుంది," అన్నారు.

సరేలే అనుకున్నాను. ఎవరి పిచ్చి వారికానందం.

కోడలు గొడుగు దులుపుకుంటూ వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది. ఎవరు బిగించారని అడగలేదు, అడగక్కర్లేదు. చెప్పులు విడిచి, స్టూలెక్కి, స్క్రూడ్రైవరు పిడితో కొక్కెం చుట్టూ తట్టింది. మెత్తటి చప్పుడొచ్చింది.

"లోపల బోలుగా ఉంది మామయ్యా."

"కొత్తగా బిగించినప్పుడు అలాగే ఉంటుంది. ఆరితే గట్టిపడుతుంది."

ఆరే దినుసేదో అందులో ఉన్నట్టే మాట్లాడారు. కోడలు నా వైపు చూసింది. ఆమె ఇబ్బంది నాకర్థమైంది. ఇది పనికిరాదని నోటితో అంటే మామగారి మాట తీసేసినట్టు, అనకపోతే రేపు ఆ గుడ్డలో వేలాడేది ఆమెను నమ్మి వచ్చిన ఎవరో ఆడమనిషి.

"బరువు కట్టి చూద్దాం," అంది చివరికి. "గుమ్మం ముందు ఇసుక సంచులున్నాయిగా." వీధినీళ్ళు ఇంట్లోకి రాకుండా ఏటా పేర్చుకునే సంచులవి.

"ఆ మురికి సంచులు హాల్లోకా? మీ అత్తయ్య ఉందిగా. నీకంటే బరువే. ఆవిడ్ని మోసిందంటే నిన్ను మోసినట్టే." ఆయన టీ గ్లాసు కింద పెట్టి లేచారు. "ఇదిగో, ముందు నువ్వు కూర్చో, చూద్దాం."

"వద్దత్తయ్యా," అంది కోడలు.

నేను అప్పటికే లేచాను. ఎందుకు లేచావంటే చెప్పలేను. పాలు ఎందుకు తాగాను, గీజరు ఎందుకు తిప్పాను? పిలిస్తే కుక్కపిల్ల తోకాడించినట్టు, ఆ మాట వింటే నా కాళ్ళు వాటంతటవే లేస్తాయి. వెళ్ళి గుడ్డను రెండు చేతులా విప్పి పట్టుకున్నాను. మంచి గుడ్డ, మధ్యలో ఎక్కడా అతుకు లేదు. గుడ్డ నన్ను మోస్తుందని నా వేళ్ళు చెప్పాయి. వీపు ఆనించి, ఒక కాలు నేలమీంచి ఎత్తబోతుంటే భుజం మీద ఏదో చల్లగా పడింది. చూస్తే తెల్లటి ముద్ద, గోరంత.

దాన్ని తుడుచుకుంటూ తల తిప్పాను. టీవీ గోడ వారన ఉంది. పడక్కుర్చీ కూడా దాని చోట లేదు, అదీ టీవీ పక్కకి చేరింది. ఆయన నిలబడింది గుమ్మంలో. నా కుట్టుమిషను మాత్రం రోజూ ఉండే చోటే, సరిగ్గా ఆ కొక్కెం కిందే, నా మోకాలికి తగులుతూ ఉంది.

నేను గుడ్డ వదిలేశాను.

"ముందు మీరు కూర్చోండి," అన్నాను.

"నేనా?"

"బిగించింది మీరేగా."

"నేను కూర్చుంటే పైన కొక్కెం ఎలా ఉందో చూసేదెవరు?"

"నేను చూస్తాను. కింద నిలబడి చూడ్డమేగా."

"నాకు పొద్దుట్నుంచి నడుం పట్టేసింది."

పొద్దుట్నుంచి స్టూలెక్కి డ్రిల్లు వేసిన నడుం అది. నేను టీవీ వైపు చూశాను. ఆయన నా చూపు వెంట అటు చూసి, చటుక్కున కిటికీ వైపు తిరిగారు. గుమ్మడికాయ దొంగ అనకముందే భుజాలు తడుముకున్నారు. వానెక్కువైందన్నారు. లోపల్నుంచి మా వాడి గురక వినిపిస్తోంది.

"అత్తయ్యా, మిషను అటు చివర పట్టుకోండి," అంది కోడలు నెమ్మదిగా.

ఇద్దరం మిషనును లోపలికి జరిపాం. తర్వాత గుమ్మం దగ్గరికెళ్ళి, నీళ్ళు కారుతున్న సంచులు ఒక్కొక్కటే ఈడ్చుకొచ్చి గుడ్డకి తగిలించాం. మొదటి సంచీకి ఏమీ కాలేదు. రెండోదానికీ ఏమీ కాలేదు. "చెప్పానా," అన్నారాయన గుమ్మంలోంచి. మూడోది కట్టి కోడలు చెయ్యి తీసిందో లేదో, పైన తడిగుడ్డ చింపినట్టు చప్పుడైంది.

కొక్కెం ఒక్కటే రాలేదు. పీటంత పెచ్చు దాంతోపాటు ఊడి కిందపడింది. పడ్డచోట విరిగి రెండైంది. దాని అంచు చూస్తే పొరలు, పొర మీద పొర. తెలుపు, బూడిద, మీగడరంగు, పచ్చ, మళ్ళీ తెలుపు. ఏటేటా నేను స్టూలెక్కి పూసిన పుట్టీ అంతా అక్కడే ఉంది. ఆయన బోల్టు దిగింది అందులోకే, అసలు స్లాబు అంచుక్కూడా తగల్లేదు. పొరల మధ్యలోంచి నల్లటి నీళ్ళు కారాయి, వాటితో పాటు తెల్లటి పురుగులు కొన్ని బయటికి పాకాయి. ఓ చుక్క ఎగిరి నా పెదవి మీద పడింది. పరుగెత్తుకెళ్ళి సింకులో కక్కుకున్నాను.

నేను కక్కుకుంటుంటే హాల్లోంచి ఆయన మాట వినిపించింది. "తడి ఇసుక కడితే ఏదాగుతుంది? మనిషి బరువు వేరు, ఇసుక బరువు వేరు. ముందు ఆ పురుగుల్ని తుడిపించమ్మా, వాసనొస్తోంది."

ఆ రోజునుంచి నాకు ఆయనంటే రోత పుట్టింది. కోపమైతే అరిచి కడిగేసుకునేదాన్ని. రోత అలా పోదు, గుడ్డకి పట్టిన బూజులా లోపల్లోపల పాకుతుంది. ఆయన టీ జుర్రితే నా చెవులు ముడుచుకునేవి. భోజనాల దగ్గర, నేనో ముద్ద తినేదాకా ఆయన చెయ్యి కూర గిన్నె వైపు పోదని అప్పుడే కనిపెట్టాను. ఇన్నేళ్ళూ నా మీద ప్రేమతో ఆగుతున్నారనుకున్నాను. ఆయన వదిలిన చెప్పులు చూసినా, దిండు మీద తల ఆనిన గుంట చూసినా ఒళ్ళు జలదరించేది. గీజరు కథ చెప్పి నవ్వించిన నా నవ్వు మీద కూడా అసహ్యమేసింది.

వాన తెరిపివ్వగానే ఆయన మామూలుగానే పుట్టీ డబ్బాతో వచ్చారు. స్టూలు వేసి, "రా," అన్నారు.

"నేనెక్కను," అన్నాను.

"మరెవరెక్కుతారు?"

"ఎవరూ ఎక్కక్కర్లేదు. అలాగే ఉండనివ్వండి."

ఆయన ఆ డబ్బాకి మూత పెట్టేసి వెళ్ళి టీవీ పెట్టుకున్నారు. పైన బొక్క బొక్కలాగే ఉంది. దాని కింద బకెట్ పెట్టాం.

కోడలు, నేను డాబా ఎక్కాం. నీళ్ళు పోయే గొట్టం నోటి దగ్గర చీలమండ లోతు నల్లనీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆమె మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగింది. ప్లాస్టిక్ కవర్లు వచ్చాయి, ఎవరిదో పిల్లల సాక్సు వచ్చింది, ఆ తర్వాత ఈకలతో సహా కుళ్ళిన పావురం ఓ ముద్దగా వచ్చింది. ఇద్దరం ముక్కులు మూసుకుని, ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వాం. నీళ్ళు గుడగుడమని గొట్టంలోకి దిగిపోయాయి. పూట పట్టలేదు ఆ పని. ఆ తర్వాత ఎంత వానొచ్చినా బకెట్లో చుక్క పడలేదు.

ఈలోపు బస్సు కండక్టరు వేరే చోట చేరిపోయింది. ఫోన్లో ఎంతో నొచ్చుకుంటూ చెప్పింది. కోడలు "పర్లేదక్కా, మీ కాళ్ళు జాగ్రత్త" అని ఫోను పెట్టేసి, చాలాసేపు చాపలు మడుస్తూ కూర్చుంది, మడిచినవే మళ్ళీ విప్పి. ఆయన చేసిన నిర్వాకం ఎవరి నోటి దగ్గరది తీసిందో నాకు అప్పుడు ఇంకా బాగా కనిపించింది.

బిగించేవాడు వచ్చాడు. కోడలు అతని పక్కనే నిలబడి ఎక్కడ, ఎలా అన్నది చెప్పింది. హాలుకీ భోజనాల గదికీ మధ్య ఓ బీము ఉంది. దాని మీద పూత అంతా గీకించింది, బూడిదరంగు కాంక్రీటు బయటపడేదాకా. సుత్తితో తట్టిస్తే అది ఖంగుమంది. ఈసారి డ్రిల్లు అరిచింది, పొడి పొడిలాగే రాలింది. ప్రతి రంధ్రంలోనూ గాలి కొట్టించి దుమ్ము పోగొట్టాకే బోల్టులు దింపనిచ్చింది. లోపలికెళ్ళి విచ్చుకుని కాంక్రీటును పట్టుకునే బోల్టులు. వాటికి ఇనప పలక, పలకకి మర తిప్పి మూసే కొక్కేలు. అవి మూశాక తానే వేలితో తిప్పి చూసింది, ఊగినప్పుడు వాటంతటవి తెరుచుకోకూడదని. గుడ్డ సంగతి నాకొదిలేసింది. నేను దాన్ని కిటికీ వెలుగులో అంగుళం అంగుళం వేళ్ళ మధ్య నడిపించి, ఎక్కడైనా పోగు లేచిందా, గీత పడిందా అని చూసి ఇచ్చాను.

ఆ బీము కింద ఉండేది ఆయన పడక్కుర్చీ. చుట్టూ చెయ్యి చాపినా కాలు చాపినా ఏదీ తగలకూడదని కోడలు అన్నాక, అది మళ్ళీ వంటగది వారకి పోయింది.

"నా కుర్చీ ఇక్కడేమిటి, పొగలో," అన్నారాయన.

"అక్కడ గాలి బాగా తగులుతుంది. వేడెక్కదు," అన్నాను.

పొద్దున కట్టిన ఇసుక సంచులు సాయంత్రం దాకా వేలాడాయి. మూడు కాదు, మనిద్దరికి సరిపడా అంటూ కోడలు కడుతూనే పోయింది. సంచులు విప్పి, కింద మందపాటి పరుపు వేసి, ఇక మనిషి కూర్చోవాలి.

"నా పని, నేనే ముందు," అని కోడలు జుట్టు ముడేసుకుంది.

అప్పుడే మా వాడు నిద్రకళ్ళతో లోపల్నుంచి వచ్చాడు. వాళ్ళ నాన్న నోట వినీ వినీ పెరిగినవాడు. 'ముందు నువ్వు' అంటాడేమోనని భయపడ్డాను. అనలేదు. పెళ్ళాన్ని మోచేత్తో పక్కకి జరిపి, "ఉండు, నేను నీకంటే బరువు," అని గుడ్డలో కూర్చుని కాళ్ళెత్తేశాడు. గుడ్డ అంచుల్ని రెండు చేతులా గట్టిగా బిగించి పట్టుకోవడం నాకు కనిపించింది. ఓసారి ఇటూ, ఓసారి అటూ ఊగాడు. "బాగానే ఉందే," అని ఆవలించాడు. ధైర్యమో, నిద్రమత్తో నాకు తెలీదు గానీ, వంటింట్లోకెళ్ళి వాడికి టీ పెడుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. ఆయన అప్పుడు వరండాలో ఉన్నారు, ఆకాశం చూస్తూ.

మిగిలిన వానాకాలమంతా మా హాల్లో ఆడవాళ్ళు వేలాడారు. పళ్ళ డాక్టరమ్మ తలకిందులై నాతో కట్టుడు పళ్ళ గురించి మాట్లాడేది. టీచరమ్మ మొదటిసారి నొప్పి లేకుండా నడుం వంచిన రోజు గుడ్డలో కూర్చునే ఏడ్చింది. నేను పక్కనే మిషను తొక్కుకుంటూ వాళ్ళని చూస్తుంటే, నాలోని ఆ రోతను కాసేపు మర్చిపోయేదాన్ని. ఆయన దగ్గితే మళ్ళీ గుర్తొచ్చేది.

వానలు వెనకబడ్డాయి. రేకులు వేశారు, కోడలు తన హాలుకి తను వెళ్ళిపోయింది. ఇంట్లో గుడ్డ మాత్రం, తను సాధన చేసుకోవడానికని, అలాగే ఉంచింది.

ఓ మధ్యాహ్నం బయటినుంచి వస్తుంటే హాల్లో ఆయన గొంతు వినిపించింది. ఆ ఊదారంగు గుడ్డలో హాయిగా వాలి, కాళ్ళు బయటికి వేసి, మెల్లగా ఊగుతూ పాత స్నేహితుడితో ఫోన్లో మాట్లాడుతున్నారు. "ఆ, నేనే బిగించా. మామూలు బోల్టులు కాదు, బీములోకి దింపా. ఏనుగు వేలాడినా చెక్కు చెదరదు. గోడౌనులో అంతకాలం చేశాను, ఆమాత్రం తెలీదా?"

ఊళ్ళో ఆడవాళ్ళంతా ఓ వానాకాలం వేలాడి చూపించాక, ఇప్పటికి ఆయనకి నమ్మకం కుదిరింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను, సరిగ్గా ఆయన నిలబడే చోట. ఫోను పెట్టేసేదాకా ఆగాను. తర్వాత ఓ అబద్ధం చెప్పాను. ఎందుకు చెప్పానో నాకు బాగా తెలుసు. ఆయనకి ఇంకో అవకాశమివ్వాలనిపించింది.

"పైన ఒక బోల్టు వదులైనట్టుందని కోడలు పొద్దున అంది," అన్నాను.

ఆయన అంత చురుగ్గా లేవడం నేనెన్నడూ చూడలేదు. ఒక కాలు గుడ్డలో చిక్కుకుంటే గింజుకుని, లాక్కుని, పరుపు మీదకి దొర్లి, అవతలికి వెళ్ళి నిలబడ్డారు. ఊపిరి సర్దుకుని పైకి చూశారు. గుడ్డ ఇంకా ఊగుతోంది.

"ఏ బోల్టు? నాకేం కనిపించడం లేదే," అన్నారు.

ఆయన ఇంకాసేపు చూసి, నా వైపు తిరిగారు. మొహంలో సిగ్గు లేదు, కపటమూ లేదు. ఉప్పు సరిపోయిందో లేదో చూడమన్నంత మామూలుగా అన్నారు.

"అయితే ముందు నువ్వోసారి కూర్చో, చూద్దాం."

ఆయన ఇంకో మాటేదైనా అంటారేమోనని చూశాను. అనలేదు. అప్పుడు నేను వేలి ఉంగరం తీసి ఆయన అరచేతిలో పెట్టాను. గుడ్డకి తగులుకుని పోగు లేస్తుందని కోడలు ఎవర్నీ ఉంగరంతో ఎక్కనివ్వదు. గుడ్డ విప్పి, వీపు ఆనించి, రెండు కాళ్ళూ నేలమీంచి ఎత్తేశాను. అది నన్ను తేలిగ్గా ఎత్తుకుంది. మెల్లగా తల వెనక్కి వాల్చాను, కోడలు వాళ్ళకి నేర్పుతుంటే చూసి నేర్చుకున్నట్టే. హాలు తలకిందులైంది.

తలకిందులుగానే ఆయన కనిపించారు. నా ఉంగరం చొక్కా జేబులో వేసుకుని, ఒక్కో అడుగూ వెనక్కి వేసుకుంటూ వెళ్ళి, చప్పుడు కాకుండా టీవీని గోడవైపు జరుపుతున్నారు.